కొండ పారిష్‌లో పేర్ల పట్టిక: ఐర్లండు స్థలనామాల నమోదుపై ఒక పరిశీలన

స్థలనామాలను సేకరించి గ్రంథస్థం చేయడం సాధారణంగా సర్వేశాఖ పనిగానో, భాషాశాస్త్రజ్ఞుల పనిగానో పరిగణింపబడుతున్నది. సాహిత్య విమర్శ దాని జోలికి అంతగా పోదు. కానీ ఒక వాగు పేరును, ఒక కనుమ పేరును కాగితం మీదికి ఎక్కించే వ్యక్తి చేస్తున్నదీ రచనే. ఎవరి నోట విన్నదానిని ప్రమాణంగా స్వీకరించాలి, వినవచ్చిన పలు రూపాలలో దేనిని నిలపాలి, పేరు వెనుక ఉన్న కథను ఉంచాలా విడిచిపెట్టాలా అనే నిర్ణయాలు అతడు అడుగడుగునా చేయవలసి ఉంటుంది. ఆ నిర్ణయాలలో గుణదోషాలుంటాయి. కనుక అవి విమర్శకు పాత్రమైనవే.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఐర్లండు చక్కని ఉదాహరణ. ఒక దేశపు కొండలు, గుట్టలు, బావులు, పొలాల పేర్లను నమోదు చేయడం గురించి అక్కడ మూడు భిన్నమైన కృతులు వెలువడినాయి. మొదటిది 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఆర్డినెన్స్ సర్వే తయారుచేసిన పేర్ల పుస్తకాలు. రెండవది ఆ సర్వేనే ఇతివృత్తంగా తీసుకొని బ్రయన్ ఫ్రీల్ రచించిన ‘ట్రాన్స్‌లేషన్స్’ నాటకం. మూడవది టిమ్ రాబిన్సన్ అనే చిత్రకారుడు పశ్చిమ తీరంలో కాలినడకన తిరిగి గీసిన పటాలు, వాటి వెంట వచ్చిన వచన గ్రంథాలు. ప్రభుత్వ పత్రం, నాటకం, వ్యక్తి కృషి అనే ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, పేరును భద్రపరచడమంటే దేనిని భద్రపరచడమనే ప్రశ్నకు సమాధానం కొంత స్పష్టమవుతుంది.

ఐర్లండు సర్వే 1824లో ప్రారంభమైనది. స్థానిక పన్నుల నిర్ణయానికి భూముల సరిహద్దులు, విస్తీర్ణాలు కచ్చితంగా తెలియాలన్నదే దాని ఉద్దేశం. నిర్వహణ సైనికాధికారి థామస్ కోల్బీది. మైలుకు ఆరంగుళాల కొలతతో యావద్దేశాన్నీ చిత్రించే పని 1846 నాటికి పూర్తి అయినది. అక్కడి భూవిభాగంలో అతి చిన్నది టౌన్‌లాండ్. పేరులో ‘టౌన్’ ఉన్నా అది పట్టణం కాదు. మన గ్రామ శివారు వంటిది. దేశంలో అరవై వేలకు పైగా ఉన్న ఈ టౌన్‌లాండ్‌లు కొన్ని కలిస్తే ఒక పారిష్. ప్రతి పారిష్‌కూ పేర్ల పుస్తకాలు తయారైనాయి. ఐరిష్ భాషలో పుట్టి, ఇంగ్లీషు దస్తావేజులలో రకరకాలుగా వ్రాయబడిన ఈ పేర్లకు పటం మీద ఒక్కొక్క రూపాన్ని స్థిరపరచవలసి వచ్చినది. ఆ బాధ్యత 1830లో సర్వేలో చేరిన పండితుడు జాన్ ఓడొనొవన్‌పై పడినది.

ఆ పుస్తకాల నిర్మాణాన్ని ప్రత్యేకంగా గమనించాలి. పటంపై నిలిపిన రూపం ఒక గడిలో ఉంటుంది. అంతవరకు వాడుకలో ఉన్న వేర్వేరు వర్ణక్రమాలు మరొక గడిలో, ఒక్కొక్క రూపం ఎవరివల్ల, ఏ పత్రంవల్ల తెలిసినదో ఇంకొక గడిలో ఉంటాయి. ఆ స్థలం ఉనికి, దాని వర్ణన ఆ తరువాతివి. అనేక పేర్లకు ఓడొనొవన్ ఐరిష్ మూలరూపాన్ని, అర్థాన్ని కూడా చేర్చినాడు. పారిష్‌లకు వెళ్లి, ఐరిష్ మాట్లాడే వృద్ధుల ఉచ్చారణ విని, దానిని పాత వ్రాతలతో పోల్చి నిర్ణయించడం ఆయన పద్ధతి. ఆ పర్యటనలలో ఆయన డబ్లిన్ కార్యాలయానికి వ్రాసిన ఉత్తరాలు నేటికీ పరిశోధకులకు ఆధారాలుగా ఉన్నాయి. కార్యాలయ బాధ్యుడైన థామస్ లార్కమ్ ఆయన వద్ద ఐరిష్ నేర్చుకొనడం కూడా గమనార్హం.

ఈ పని ఫలితం అన్నిచోట్లా మూలానికి న్యాయం చేసినదని చెప్పలేము. గాల్వే జిల్లా పశ్చిమ భాగమైన కానెమారాలో, ఎరిస్‌బెగ్ కొండ పాదాన, రౌండ్‌స్టోన్ అనే రేవు గ్రామం ఉన్నది. ‘గుండ్రని రాయి’ అని అర్థమిచ్చే ఆ ఇంగ్లీషు పేరు వినేవారికి సహజంగానే తోస్తుంది. ఐరిష్‌లో దాని పేరు క్లోఖ్ న రోన్, అనగా ‘సీళ్ల బండ’. సముద్రపు సీలును ఐరిష్‌లో ‘రోన్’ అంటారు. ‘క్లోఖ్’ అనే మాటను రాయి అని అనువదించినారు. ‘రోన్’ను మాత్రం అనువదించక, దాని ధ్వనికి దగ్గరగా ఉన్న ‘రౌండ్’ అనే ఇంగ్లీషు మాటను తెచ్చిపెట్టినారు. ఆ విధంగా సగం అనువాదమూ, సగం అపశ్రుతీ కలిసి, అర్థవంతంగా కనిపించే ఒక తప్పు పేరు తయారైనది. ఈ రూపం సర్వేకు ముందే వాడుకలో ఉన్నది. సర్వే దానికి ముద్ర వేసినది. అర్థం లేని తప్పును ఎవరైనా అనుమానిస్తారు. ఇటువంటి తప్పును అనుమానించేవారు లేరు. ఆ బండమీద సీళ్లు ఎండకు పడుకొనేవన్న సంగతిని గుర్తుచేయగలిగినది ఒక్క ఆ పాత పేరే.

ఇక్కడ ఓడొనొవన్ కృషి విలువ తేటతెల్లమవుతుంది. ఆయన నిర్ణయించిన రూపాలు ఇంగ్లీషు చెవికి అనువైనవే. అయినా పేర్ల పుస్తకం ఆ నిర్ణయాన్ని ఒంటరిగా వదలలేదు. తిరస్కరించిన రూపాలను, వాటిని పలికినవారి ఆధారాలను అదే పుటలో ఉంచినది. తరువాతి తరం ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి కావలసిన సాక్ష్యాన్ని ఆ పుస్తకమే సమకూర్చినది. పరిపాలన అవసరంకోసం పుట్టిన పత్రంలో ఇంతటి నిజాయితీ అరుదు. ప్రభుత్వం మాత్రం ఆ నిజాయితీని చివరిదాకా పోషించలేదు. పటంతోపాటు ప్రతి పారిష్‌కూ చరిత్ర, పురావస్తువులు, ప్రజల జీవనవిధానం వివరించే స్మృతిగ్రంథం వెలువరించాలని లార్కమ్ సంకల్పించినాడు. డెరీ ప్రాంతపు టెంపుల్‌మోర్ పారిష్ గ్రంథం ఒక్కటే 1837లో అచ్చయినది. ఖర్చు ఎక్కువైనదని ప్రభుత్వం ఆ పథకాన్ని నిలిపివేసినది. 1842లో స్థలవివరణ విభాగం మూతపడినది.

ఆ తరువాత జరిగినది పేర్ల పుస్తకాలకు ఊహించని గౌరవాన్ని తెచ్చిపెట్టినది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం వచ్చినది. 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 66 లక్షల లోపుకు పడిపోయినది. మరణించినవారిలోను, వలసపోయినవారిలోను అధిక సంఖ్యాకులు ఐరిష్ మాట్లాడే పడమటి పారిష్‌ల పేదలే. ఓడొనొవన్ గాల్వే జిల్లాలో తిరిగినది 1838, 1839 సంవత్సరాలలో. ఆయనకు పేర్లు పలికి వినిపించిన తరం పదేళ్లలో చెల్లాచెదరైనది. ఆయన పని పదేళ్లు ఆలస్యమై ఉంటే, అనేక స్థలాల పేర్లకు పలికినవారి సాక్ష్యమే ఉండేది కాదు.

ఫ్రీల్ నాటకం 1980 సెప్టెంబరు 23న డెరీ నగరంలో మొదటిసారి ప్రదర్శితమైనది. కథాకాలం 1833, స్థలం డొనెగాల్ జిల్లాలోని బల్యె బెగ్ అనే కల్పిత గ్రామం. సర్వే సైనికులు వస్తారు. ఆ ఊరి బడిపంతులు కుమారుడు ఓవెన్, యోలండ్ అనే ఇంగ్లీషు అధికారి కలిసి స్థానిక నామాలకు ఇంగ్లీషు రూపాలు కల్పిస్తుంటారు. నాటకంలో అతి ముఖ్యమైన ఘట్టం ఒక నాలుగు దారుల కూడలి పేరుకు సంబంధించినది. ఆ పేరులో బావి అనే మాట ఉన్నది, కానీ కూడలిలో బావి లేదు. ముఖం వికృతమైన బ్రయన్ అనే ముసలివాడు ఆ నీటికి మహిమ ఉన్నదని నమ్మి నెలల తరబడి రోజూ స్నానం చేసినాడు. చివరకు అందులోనే మునిగి చనిపోయినాడు. బావి ఏనాడో ఎండిపోయినది. అతని పేరు కూడా నలిగి గుర్తుపట్టరానిదైనది. ఈ కథ తెలిసినది ఓవెన్‌కు మాత్రమే. ఎవరికీ గుర్తులేని మనిషికోసం ఈ పేరును ఉంచాలా అని ఓవెన్ అడుగుతాడు. ఉంచాలని పట్టుపట్టేది పరాయి అధికారి యోలండ్.

స్థలనామ నమోదులోని చిక్కు అంతా ఈ చిన్న ఘట్టంలో ఇమిడి ఉన్నది. పేరు వర్ణించే వస్తువు లేదు. పేరుకు కారణమైన మనిషి లేడు. కథ ఒక్కరి జ్ఞాపకంలో మిగిలి ఉన్నది. స్థానికుడు దానిని భారమనుకొంటున్నాడు. అతిథి దానిని సంపదగా చూస్తున్నాడు. ఫ్రీల్ ఎవరి పక్షమూ వహించక ఇద్దరి మాటకూ బలం కల్పించినాడు. తరువాత యోలండ్ అదృశ్యమైనపుడు, అతని ఆచూకీ తెలుపకపోతే ఏయే పల్లెలను ఖాళీ చేయించి నేలమట్టం చేస్తామో సైనికాధికారి కొత్త ఇంగ్లీషు పేర్లతో చదువుతాడు. ఆ పేర్లు ప్రజలకు తెలియవు. వాటిని కల్పించిన ఓవెనే ఒక్కొక్కదానికీ పాత పేరు చెప్పవలసి వస్తుంది. పటం మీది పేరుకూ, అక్కడ కాపురమున్న మనిషికీ మధ్య ఏర్పడిన దూరాన్ని రంగస్థలం మీద ఇంతకన్న సూటిగా చూపడం సాధ్యం కాదు.

అయితే చరిత్ర దృష్టితో చూస్తే నాటకానికి ఆక్షేపణలు ఉన్నాయి. ఈ సర్వే చరిత్రను 1975లో ‘ఎ పేపర్ లాండ్‌స్కేప్’ గ్రంథంగా వెలువరించిన జె. హెచ్. ఆండ్రూస్ వాటిని ప్రస్తావించినాడు. సర్వే సిబ్బందికి ప్రజలను ఇళ్లనుంచి వెళ్లగొట్టే పని లేదు. పేర్లలో అధిక భాగం అంతకు చాలాకాలం ముందే ఇంగ్లీషు లిపిలోకి మారినాయి. సర్వే చేసినది వాటిని అనువదించడం కాదు, ఉన్న రూపాలలో ఒకదానిని స్థిరపరచడం. ఫ్రీల్ ఈ విమర్శను కాదనలేదు. నాటకం చరిత్ర గ్రంథం కానక్కరలేదన్న సమాధానం న్యాయమైనదే. కానీ ఒక నష్టం మిగిలిపోయినది. నాటకం చూసినవారి మనసులో సర్వే అంటే పేర్లను చెరిపివేసిన యంత్రమన్న భావం స్థిరపడినది. తిరస్కృత రూపాలను జాగ్రత్తగా పక్క గడిలో వ్రాసిపెట్టిన ఓడొనొవన్‌కు ఆ రంగస్థలం మీద చోటు దొరకలేదు. నాటకం అధికార స్వరూపాన్ని నిజంగానే పట్టుకొన్నది. పత్రం స్వరూపాన్ని పట్టుకోలేదు.

మూడవ కృతికర్త టిమ్ రాబిన్సన్ 1935లో ఇంగ్లండులో జన్మించి, గణితం చదివి, చిత్రకళను వృత్తిగా స్వీకరించినాడు. 1972లో భార్యతో అరన్ దీవులకు వచ్చి స్థిరపడినాడు. దీవికి ఒక పటం గీయమని సూచించినది అక్కడి పోస్టాఫీసు నిర్వాహకురాలు. అరన్ పటం 1975లో, బరెన్ పటం 1977లో, స్థలనామ సూచికతో కూడిన కానెమారా పటం 1990లో వెలువడినాయి. రౌండ్‌స్టోన్‌లో నివసిస్తూ ఆయన వ్రాసిన కానెమారా గ్రంథత్రయం 2006, 2008, 2011 సంవత్సరాలలో వచ్చినది. 2020లో ఆయన మరణించినాడు.

రాబిన్సన్ పద్ధతి ఓడొనొవన్ పద్ధతికి కొనసాగింపు, సవరణ కూడా. ఓడొనొవన్‌కు సమయం తక్కువ, పారిష్‌లు ఎక్కువ. రాబిన్సన్ ఒకే ప్రాంతానికి దశాబ్దాలు వెచ్చించినాడు. సర్వే పటంలో ఎక్కని రేవు రాళ్లు, గండ్లు, పొలాల పేర్లను ఇంటింటా అడిగి, ఆ చోటికి నడిచి వెళ్లి, భూమి స్వరూపానికి పేరు సరిపోతున్నదా అని చూసినాడు. ఇది ముఖ్యమైన పరీక్ష. ఐరిష్‌లో ‘మామ్’ అంటే కనుమ, ‘లెతిర్’ అంటే నీరూరే కొండవాలు, ‘తొబర్’ అంటే బావి. లెతిర్ అన్నచోట తడి నేల కనిపించకపోతే పేరైనా తప్పు వినబడి ఉండాలి, నేలైనా మారి ఉండాలి. గదిలో కూర్చున్న పండితునికి ఈ సందేహమే రాదు. పక్షుల కనుమ అని అర్థమిచ్చే మామ్ ఏన్ యాత్రాస్థలం. అక్కడికి ఎక్కి వెళ్లిన కాళ్లకు ఆ పేరు భూమికీ భక్తికీ మధ్య ఎలా నిలిచినదో తెలుస్తుంది.

రాబిన్సన్ రచనలకు పరిమితులు లేకపోలేదు. ఐరిష్ ఆయన పెద్దయిన తరువాత నేర్చుకొన్న భాష. ఆయన ఇంగ్లీషు వచనం ఎంతో సుందరమైనది. ఆ సౌందర్యమే ఒక్కొక్కచోట అవరోధమవుతున్నది. పాఠకుడు ఆయన వాక్యాన్ని గుర్తుంచుకొని, పేరు చెప్పిన గొర్రెల కాపరిని మరచిపోతాడు. పేర్ల పుస్తకపు పొడి గడులలో ఈ ప్రమాదం లేదు. కనుక పటాన్నీ సూచికనూ వదలి వచన గ్రంథాలను మాత్రమే చదివేవారికి రాబిన్సన్ సగమే అందుతాడు.

ఈ చర్చకు భారతదేశంతో ఉన్న సంబంధం కేవలం పోలిక కాదు. సెలవుపై వెళ్లిన జార్జ్ ఎవరెస్ట్ 1829లో ఐర్లండు సర్వేను స్వయంగా చూసి, కోల్బీ రూపొందించిన కొలత కడ్డీలను భారతదేశానికి తెప్పించినాడు. అంటే కానెమారా కొండలను కొలిచిన పద్ధతే ఇక్కడి మహా త్రికోణమితి సర్వేలోకి ప్రవేశించినది. కానీ కడ్డీలతోపాటు పేర్ల పుస్తకం రాలేదు. దాని ఫలితం హిమాలయంలో కనిపించినది. అత్యున్నత శిఖరానికి స్థానిక నామం దొరకలేదంటూ 1856లో ఆండ్రూ వా తనకు ముందటి సర్వేయర్ జనరల్ పేరును ప్రతిపాదించినాడు. ఆ పేరును ఈ దేశీయులు పలకలేరని, ఇక్కడి భాషలో వ్రాయలేరని అభ్యంతరం చెప్పినవాడు ఎవరెస్టే. అయినా 1865లో అది స్థిరపడినది. టిబెట్టువారికి ఆ శిఖరం చోమొలుంగ్మా. కొలిచేవారు అడగవలసిన మనుషుల దగ్గరికి చేరలేదు.

తెలుగుదేశంలో ఇదే పరిణామం చిన్న కొలతలో జరిగినది. మదనపల్లె సమీపంలోని ఏనుగు మల్లమ్మ కొండపై 19వ శతాబ్దిలో కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది కట్టుకొన్నాడు. అప్పటినుంచి అది హార్సిలీ హిల్స్. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే బాలిక కథ పాత పేరులో ఉన్నది. కొత్త పేరులో ఒక అధికారి నివాసం మాత్రమే ఉన్నది. బ్రయన్ బావి కథ తెలుగు పాఠకునికి పరాయిదిగా తోచకపోవడానికి కారణమిదే.

అదే కాలంలో మరొక మార్గం కూడా తెలుగువారి చేతనే ఏర్పడినది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ స్కాట్లండులోని గేలిక్ భాషా ప్రాంతమైన లూయిస్ దీవిలో పుట్టినవాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. వారి ఆధ్వర్యాన గ్రామ గ్రామాల కరణాలనుంచి సేకరించిన కైఫీయతులలో ఊరి పేరు, అది కలిగిన విధం, గుడి, చెరువు, మాన్యాలు అన్నీ ఒకచోట చేరినాయి. పేరును కథతోసహా స్వీకరించడం వాటి గొప్పతనం. ఎవరు చెప్పినారు, వేరొకరు వేరేవిధంగా చెప్పినారా అన్న వివరం అన్నిచోట్లా లేకపోవడం వాటి లోపం. ఓడొనొవన్ గడులు, కైఫీయతు కథనం కలిసి ఉంటే పరిపూర్ణమైన నమోదు పత్రం ఏర్పడేది. తరువాతి కాలంలో కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ పరిశోధన ఈ విషయాన్ని శాస్త్రీయ స్థాయికి తెచ్చినది. కొండ ప్రాంతాలకు కావలసిన మరొక అర్హతను గిడుగు వెంకట రామమూర్తి అంతకుముందే చూపినాడు. సవరల భాషను నేర్చుకొని 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రకటించినాడు. సవర కొండల పేర్లను తెలుగు చెవితో మాత్రమే విని వ్రాస్తే మరెన్నో రౌండ్‌స్టోన్‌లు తయారవుతాయి.

పాత పేరును ప్రభుత్వాజ్ఞతో తిరిగి ప్రతిష్ఠించినంత మాత్రాన సమస్య తీరదని ఐర్లండే మళ్లీ నిరూపించినది. ఐరిష్ భాషా ప్రాంతాలలో ఇంగ్లీషు నామాలకు అధికారిక స్థానం తొలగించే ఉత్తర్వు 2005లో అమలులోకి వచ్చినది. కెరీ జిల్లాలోని డింగిల్ పట్టణానికి అన్ డైంగన్ అనే రూపం మాత్రమే మిగిలినది. భాషాభిమానంతో చేసిన ఆ పనిని పట్టణ ప్రజలు అంగీకరించలేదు. 2006లో జరిగిన అభిప్రాయ సేకరణలో ఐరిష్, ఇంగ్లీషు రూపాలు రెండూ ఉండాలని భారీ ఆధిక్యంతో కోరినారు. 2011లో చట్టం ద్వారా అది నెరవేరినది. ఒకనాడు సామ్రాజ్యం చేసిన పొరపాటును స్వతంత్ర ప్రభుత్వం మరొక దిక్కునుంచి చేసినది. రెండు సందర్భాలలోనూ లోపించినది అక్కడ నివసించేవారిని అడగడమే.

దీనినిబట్టి స్థలనామ నమోదుకు విమర్శకుడు పెట్టవలసిన గీటురాయి స్పష్టమవుతున్నది. స్థిరపరచిన రూపం ఎంత శుద్ధమైనదన్నది రెండవ ప్రశ్న. పలికినవారి సాక్ష్యం, భిన్న రూపాలు, కథ, నేల లక్షణం ఆ పత్రంలో మిగిలినాయా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఈ పరీక్షలో పేర్ల పుస్తకం సాక్ష్యంలోను, నాటకం నైతిక దృష్టిలోను, రాబిన్సన్ పటం నేల పరిచయంలోను ముందుంటాయి. ఏ ఒక్కటీ మిగిలిన రెండింటి పనిని చేయలేదు.

గ్రామాల నివాస స్థలాలను డ్రోన్లతో చిత్రించే స్వామిత్వ పథకం 2020లో ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల పునఃసర్వే కూడా ఆ ఏడాదే మొదలైనది. ఇళ్ల హద్దులు, పొలాల గట్లు అంగుళాల కచ్చితత్వంతో పటాలకు ఎక్కుతున్నాయి. ఆకాశంనుంచి తీసిన చిత్రంలో వాగు కనిపిస్తుంది, దాని పేరు వినిపించదు. సర్వే నంబరుకు పక్కన మరొక గడి ఉంచి, ఆ చేనును, ఆ కనుమను, ఆ ఊటబావిని ఊరివారు ఏమని పిలుస్తున్నారో, ఎవరు చెప్పినారో, మరొకరు వేరుగా చెప్పినారేమో వ్రాసుకొనడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కొండ గ్రామాలలో ఆ పేర్లు తెలిసిన వృద్ధులు ఉన్నంతకాలమే ఆ గడి నిండుతుంది. గాల్వేలో ఓడొనొవన్ పనికీ క్షామానికీ మధ్య ఉన్న వ్యవధి ఆరేళ్లు.